నర్సింగమ్మ బావిలో దిగింది

నర్సింగమ్మ మూడు నెలలుగా మంచం దిగకపోవడానికి కారణం జబ్బు ఒక్కటే కాదు, కొడుకు సాయిలు ప్రేమ కూడా.

కల్వకుర్తికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది వాళ్ళ ఊరు. అది 1961 ఎండాకాలం. ఆమెకు అరవై రెండేళ్ళు. రెండు మోకాళ్ళూ వాచిపోయాయి, వేళ్ళ కణుపులు ముడులు కట్టాయి. కీళ్ళవాతం అన్నారందరూ. సాయిలు రోజూ ఆముదపాకులు వెచ్చజేసి తల్లి మోకాళ్ళకు కట్టేవాడు.

“కాలు కింద పెట్టకమ్మా. చేసిన కాడికి చేసినవ్. ఇగ కూసొని తిను,” అనేవాడు.

కూర్చుని తిన్నకొద్దీ మోకాళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. చివరికి చెంబు పట్టుకుని చెలకలోకి పోవాలన్నా కోడలు యాదలక్ష్మి రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. నొప్పి కంటే నర్సింగమ్మను అదే ఎక్కువ కోసింది.

ఒక పొద్దున కొడుకూ కోడలూ పల్లికాయ తెంపడానికి పోగానే ఆమె కర్ర అందుకుంది. పొలంలోని బావి రెండు ఫర్లాంగులు. నాలుగుచోట్ల ఆగింది. బావికి ఒక పక్క మోట, ఇంకో పక్క నీళ్ళ దాకా రాతిమెట్లు. నిలబడి దిగే శక్తి లేక, కూర్చుని ఒక్కో మెట్టు జరుగుతూ దిగింది. కాళ్ళు తడుపుకుందామనే అనుకుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుము దాకా వచ్చాయి. ఒళ్ళు బరువంతా ఎవరో ఎత్తుకున్నట్టయింది. దుందుభి వాగు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఈత మరిచిపోలేదు. చీర కుచ్చిళ్ళు బిగించి కట్టుకుని ముందుకు వాలింది. నొప్పి ఉంది, కానీ కాళ్ళు ఆడాయి.

అప్పుడే మోట తోలడానికి ఎడ్లతో వచ్చాడు ఆమె మరిది జంగయ్య. ఆ బావిలో సగం పాలు అతనిది.

“అయ్యయ్యో, వదినె బాయిల పడ్డది! తాడు తేండ్రి!”

“పడలే జంగయ్యా, దిగిన. మొత్తుకోకు,” అందామె అవతలి గోడ పట్టుకుని, ఆయాసపడుతూ.

సాయంత్రం జంగయ్య వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు. “సాయిలూ, మీ అమ్మకు జర చెప్పు. మొగపోరగాండ్లు దుంకే బాయిల ముసలామె ఈత కొట్టుడేంది? ఊరంత నవ్వుతాంది.”

జవాబు నర్సింగమ్మే చెప్పింది.

“నవ్వనియ్. నవ్వెటోళ్ళకు నా మోకాళ్ళు ఒక్క పూట ఇస్త, మోసి సూడమను.”

జంగయ్య విసురుగా వెళ్ళిపోయాక సాయిలు తల్లి దగ్గర కూర్చున్నాడు. “కాలు జారితే ఏంగావాలె అమ్మా? బాపు గట్లనే చెప్పకుంట పానం ఇడిసె. నువ్వు గూడ...” అని ఆగిపోయాడు.

ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసింది. “నాకు భయం లేదనుకుంటున్నవా కొడుకా? ఉంది. గానీ గీ మంచం మీద ఇంకా భయమైతాంది. దినాం ఇంత కట్టెనైతున్న. నీళ్ళల్ల నా కాళ్ళు నా మాట ఇన్నయిరా.”

మర్నాడు పోయి చూసేసరికి మెట్లకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. నర్సింగమ్మ కర్రతో లాగింది. కర్ర జారిపోతే చీర కొంగు చేతికి చుట్టుకుని, వంగని వేళ్ళతోనే ఒక్కో కొమ్మా ఈడ్చి పక్కన పడేసింది. ముళ్ళు గీరుకుని నెత్తురు వచ్చింది. జంగయ్య మోట ఆపి చూస్తున్నాడు.

“వదినె, గా కంప నేనే ఏసిన.”

“ఎర్కే. నేనే తీస్తున్న.”

“బాయి నాది గూడ!”

“కాదన్ననా? గీ బాయి తవ్విననాడు ఏడోనెల కడుపుతోటి మన్నుతట్ట మోసిన. నువ్వప్పుడు గోచి పెట్టుకోని గట్టు మీద మక్కకంకి తిన్నవ్. నీ నీళ్ళు తాగుతలేను, ఎత్కపోతలేను. కాళ్ళు ఆడిచ్చుకుంటున్న.”

జంగయ్య నోరు తెరిచేలోగా యాదలక్ష్మి వచ్చింది. చంకలో పొడిచీర ఉంది. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె జంగయ్య ముందు గొంతెత్తలేదు. తల మీద కొంగు సర్దుకుంది.

“చిన్నమామా, నేను మెట్ల మీద కూసుంట. అత్తమ్మ దిగుతది.”

మిగిలిన ఒక్క కొమ్మనూ తానే తీసేసి, అత్తకు రెక్క అందించబోయింది. నర్సింగమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, తనే కూర్చుని దిగింది.

మోకాళ్ళ వాపు పూర్తిగా పోలేదు. ముడులు కట్టిన వేళ్ళు సాఫు కాలేదు. కానీ వానలు పడేనాటికి చెంబు పట్టుకుని ఒక్కతే చెలకకు పోయి వచ్చేది. ఆముదం గెలలు కోసే రోజుల్లో మధ్యాహ్నం దాకా చేనులో ఉండేది. ఎవరైనా కూర్చోమంటే, “కూసున్న, మూడు నెలలు కూసున్న,” అనేది. జంగయ్య ఆమె ఈదినంతసేపూ ఎడ్లకు నీళ్ళు తాగించే పని పెట్టుకునేవాడు, గొణుక్కుంటూనే.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. ఒక పొద్దున మోకాళ్ళు అసలు వంగలేదు.

“ఇయ్యాల వద్దు అమ్మా. సలి కొడ్తాంది,” అన్నాడు సాయిలు.

“ఎండ ఎక్కనియ్, పోత,” అంది.

ఎండ ఎక్కింది. రెండు ఫర్లాంగులకు తొమ్మిదిసార్లు ఆగింది. పై మెట్టు మీద కూలబడి, రెండు మోకాళ్ళనూ పేరుపెట్టి తిట్టినంత పని చేసింది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత రెండు చేతులతో ఎడమకాలిని ఎత్తి కింది మెట్టు మీద పెట్టింది. దాని పక్కన కుడికాలిని పెట్టింది.