మేనత్త అడిగిన పాఠం

తను చదువు మానేసిందన్న సంగతి సేయినీకి మార్కెట్లో తారో దుంపలు ఏరుకుంటుండగా తెలిసింది.

"పోనీలే తల్లీ, బాధపడకు," అంది దుంపలమ్మే ఉయినిసే, బుట్టలో ఒక దుంప కొసరు వేస్తూ. "ఇల్లూ, పిల్లలూ, బడీ... ఎన్నని చూస్తావు? మా కుర్రాడు లోపేటే పాపం. నీకు పాఠం చెప్పాలని గురువారం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, మర్యాదకి నడుముకి వాళ్ళ తాతగారి చాప చుట్టుకున్నాడు. నువ్వు మానేశావని తెలిసి పెళ్ళి తప్పిపోయిన పెళ్ళికొడుకులా కూర్చుండిపోయాడు."

సేయినీ చేతిలో దుంప చేతిలోనే ఉండిపోయింది.

"నేను మానేశానని ఎవరు చెప్పారు?"

"కవా క్లబ్బులో ఎవరో అన్నారట. ఆ వేళ్ళ కషాయం గిన్నె చుట్టూ చేరి మగాళ్ళనుకునే మాటలు మనదాకా ఎప్పుడు పూర్తిగా వచ్చాయి గనక?"

బుట్ట మోసుకుంటూ సేయినీ దీవి రాజధాని నుకుఅలోఫా వీధుల్లో నడిచింది. మొన్న గురువారం సాయంత్రం తను వంటింటి బల్ల తుడిచి, చేప వాసన పోవడానికి నిమ్మతొక్కతో మళ్ళీ తుడిచి, పుస్తకం తెరిచి ఎదురుచూసింది. కుర్రాడు రాలేదు. వేరే ఉద్యోగం దొరికిందేమోలే అనుకుంది. జులైలో కలోని మాస్టారు రెండు పాఠాలు చెప్పి ఆగిపోయినప్పుడు ఆయన మోకాలి నొప్పి అనుకుంది. మనుషులు రాకపోతే కారణం తనే వెతికి పెట్టుకోవడం ఆమెకి అలవాటు. ఈసారి కారణాన్ని ఎవరో తయారు చేసి పంపారు.

ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. డిగ్రీ చేతికొస్తే హైస్కూల్లో సైన్సు చెప్పొచ్చు. సూవా యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో పేపర్లన్నీ పూర్తయ్యాయి, ఫిజిక్స్ ఒక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది. నవంబరులో రాసేది మూడోసారి, ఆఖరుసారి. అదీ పోతే ఇన్నేళ్ళ చదువూ మూటగట్టి అటకెక్కించడమే. ఫిజిక్స్ కథల పుస్తకం కాదు, ఒంటరిగా చదివితే ఒక పేజీ దగ్గర గోడ తగులుతుంది. ఆ గోడకి తలుపెక్కడుందో చూపించే మనిషి కావాలి. అంతే ఆమె అడిగింది.

"ఆ ఫిజిక్స్‌ని నేను చూశాను సేయినీ," అనేవాడు భర్త మోసెసే, తిన్న పళ్ళెం ఆమె వైపు తోస్తూ. "మగాళ్ళే జుట్టు పీక్కున్నారు. ఆడవాళ్ళకి వచ్చేది కాదది." ఓడరేవులో గుమాస్తా అతను. కుర్రతనంలో ఇంజనీరు కావాలని సూవా వెళ్ళి, తండ్రికి జబ్బు చేస్తే చదువు వదులుకుని వచ్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ త్యాగం మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ తల వంచుకోవాలి. సేయినీ కూడా వంచేది. వంచిన తలతోనే బియ్యం కడిగేది.

పుస్తకంలో పని గురించి ఒక అధ్యాయం ఉంది. ఎంత బరువైనా సరే, ఎత్తిపట్టుకుని కదలకుండా నిలబడితే ఆ బరువు మీద చేసిన పని సున్నా. ఆ వాక్యం చదివిననాడు ఆమె ఒక చంకలో జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో గంజి కలుపుతోంది. చెయ్యి లాగుతోంది, వీపు మండుతోంది. లెక్క ప్రకారం సున్నా. ఆమెకి నవ్వొచ్చింది. ఈ సూత్రం మా అత్తవారింట్లో పుస్తకం తెరవకుండానే అందరికీ వచ్చు కదా అనుకుంది.

అనుమానం ముందు వదిన మీదికి పోయింది. మోసెసే అక్క ఆకనేసి కంచెకి అవతలే ఉంటుంది. తమ్ముడి పిల్లలకి పేరు పెట్టాలన్నా, జుట్టు కత్తిరించాలన్నా మేనత్తగా ఆవిడ మాటే మాట. ఇంట్లో అల్లిన మంచి చాప ముందు ఆవిడకే పోవాలి. సేయినీ ఆవిడ గేటు తీసేసరికి ఆవిడ తన వరండాలో చాప అల్లుతూ కూర్చుని ఉంది.

"ఏమే సేయినీ, ఆ ఫిజిక్స్ చదివితే చాప తొందరగా అల్లుకుంటుందా?"

"అల్లుకోదు వదినా. నీ నడుము ఎందుకు నొప్పెడుతుందో తెలుస్తుంది."

"తెలిస్తే తగ్గుతుందా?"

"వదినా, నేను చదువు మానేశానని లోపేటికి కబురు పంపింది నువ్వేనా?"

ఆకనేసి చేతిలోని ఆకు ఈనె ఆగింది. "నేనా? నీ చదువు నాకు నచ్చలేదంటే నీ మొహం మీదే అంటాను. కవా క్లబ్బుకి కబురంపే ఖర్మ నాకేం పట్టింది? ఆ పాక గుమ్మం తొక్కుతానా నేను?"

అదీ నిజమే. ఆవిడ నోటికి చాటుమాటలు తెలియవు.

సేయినీ నేరుగా కలోని మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన హైస్కూల్లో రిటైరయ్యాక చర్చి పెద్దగా ఉంటున్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

"మోకాలెలా ఉంది మాస్టారూ?"

"మోకాలికేం, రాయిలా ఉంది. నీ బుద్ధే సరిగా లేదు. ఆదివారం వచ్చి పాఠం చెప్పమని కబురు చేస్తావా నాకు? ఆదివారం ఈ దేశంలో విమానమే దిగదు. నేను నీ వంటింట్లో న్యూటన్‌ని దింపాలా?"

సేయినీ మెట్ల మీద కూలబడింది. ఆదివారం ఇక్కడ కొట్టు తెరవరు, బంతాట ఆడరు, తాడు మీద గుడ్డ ఆరేయరు. చర్చి పెద్దని ఆదివారం పనికి పిలవడమంటే ముఖం మీద ఉమ్మడమే. ఆయన్ని ఇంక రానివ్వకూడదనుకున్నవాడు ఎక్కడ నొక్కాలో చూసుకునే నొక్కాడు.

"నేనలా అనలేదు మాస్టారూ. నా పిల్లల మీద ఒట్టు. ఎవరు తెచ్చారా కబురు?"

ముసలాయన ముఖం మెల్లగా మారింది. "కవా గిన్నె దగ్గర విన్న మాటకి పేరు పెట్టకూడదమ్మా. అది మా పద్ధతి. కానీ తప్పైపోయింది. నిన్నొకసారి అడగాల్సింది."

ఆయన పేరు పెట్టనక్కర్లేకపోయింది. ఆమె ఎవరి దగ్గర పాఠం చెప్పించుకుంటోందో తెలిసి, ఆ గిన్నె దగ్గర కూర్చునే మగవాడు ఒక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆ ఒక్కడూ పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. "పులుసులో ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే కాదంటాడు. కాదని అరుస్తాడు, తర్వాత ఏడుస్తాడు, తర్వాత చుట్టాలొచ్చి ఇద్దరికీ కలిపి ప్రార్థన చేయిస్తారు. అన్నీ అయ్యేసరికి నవంబరు వచ్చేస్తుంది. అతన్ని పట్టుకోవడం ఇప్పుడు ముఖ్యం కాదు, ఫిజిక్స్‌ని పట్టుకోవాలి. మాస్టారు మళ్ళీ వచ్చినా, కొత్తవాళ్ళని వెతికినా లాభం లేదు. ఈ ఊళ్ళో ఫిజిక్స్ వచ్చిన ప్రతి మగాడూ పొద్దుగూకితే ఆ గిన్నె చుట్టూనే చేరతాడు. అక్కడ అడుగుపెట్టని మనిషి కావాలి. ఎవరు పొమ్మన్నా పోలేని మనిషి కావాలి.

అటువంటి మనిషి ఉంది. ఆ సంగతి ఆమెకి ముందు నుంచీ తెలుసు. తెలిసీ అటు చూడకుండా ఉంది.

మర్నాడు బస్సెక్కి కొలొవైలో అన్న ఇంటికి వెళ్ళింది. ఆ గుమ్మం దాటితే సేయినీ వేరే మనిషి. అత్తవారింట్లో అందరి తర్వాత తినే కోడలు, ఇక్కడ అన్న పిల్లలకి మేనత్త. ఆమె కాలు పెట్టగానే అన్న తానియేలా లేచి తన చోటిచ్చాడు. అన్న భార్య మెత్తటి చాప పరిచి, చేప నడిముక్క తెచ్చి ముందు పెట్టింది. మేనత్త అడిగితే ఇంట్లో ఏదైనా ఇచ్చేయాల్సిందే, పందినైనా, పెళ్ళి చాపనైనా.

"ఏం కావాలి చెల్లీ?" అన్నాడు తానియేలా.

"లూపే కావాలి. వారానికి రెండు సాయంత్రాలు. నాకు ఫిజిక్స్ చెప్పాలి."

అన్న నోరు తెరిచాడు. మేనత్తలు పందుల్ని అడగ్గా విన్నాడు, పాఠం అడగ్గా వినలేదు. లూపే అతని పెద్దకూతురు. ఈ ఏడే సూవాలో ఫిజిక్స్ డిగ్రీ పూర్తి చేసి వాతావరణ ఆఫీసులో చేరింది.

"ముందే ఎందుకు పిలవలేదు అత్తా?" అంది లూపే.

ఎందుకంటే మేనత్త మేనకోడలి కంటే ఎత్తున కూర్చోవాలి. ఆ పిల్ల ముందు పలక పట్టుకుని, తెలియదని ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. మొగుడు తోసిన పళ్ళేల కంటే ఆ ఎత్తు దిగడమే కష్టమనిపించింది. ఉన్న ఒక్క గౌరవాన్నీ పెట్టెలో మడిచి దాచుకుంటే అది దేనికి పనికొస్తుందని బస్సులో దారంతా తనని తనే తిట్టుకుంది.

"సిగ్గేసింది," అంది సూటిగా. "ఇప్పుడు తీరిపోయింది. మంగళవారం రా."

మంగళవారం సాయంత్రం కొబ్బరిపాలు పిండుతుండగా గేటు చప్పుడైంది. వెంటనే మోసెసే గొంతు వినిపించింది, తేనెలో ముంచినట్టు.

"లూపే, మీ అత్తకి తలనొప్పమ్మా. పడుకుంది. వచ్చే నెల చూద్దాంలే."

సేయినీ చేతులు తుడుచుకునేలోపే కంచె అవతల ఎవరో లేచిన చప్పుడు.

"ఒరేయ్ మోసెసే!" ఆకనేసి. "మేనత్త పిలిస్తే వచ్చిన పిల్లరా అది. గుమ్మంలోంచి పంపేస్తావా? రేపు నేను పిలిచినప్పుడు నీ పిల్లలకీ తలనొప్పి వస్తుందా?"

"అది కాదక్కా..."

"నోరుమూసుకుని చాప వెయ్యి. దీపం ఇటు జరుపు. పిల్లకి మంచినీళ్ళివ్వు."

అక్క మాటకి ఎదురు చెప్పే తమ్ముడు ఈ దీవిలో ఇంకా పుట్టలేదు. మోసెసే చాప వేశాడు. దీపం జరిపాడు. మంచినీళ్ళు తెచ్చాడు. వంటింటి గుమ్మంలో సేయినీ అదంతా కళ్ళారా చూసింది.

"మురిసిపోకు," అంది ఆకనేసి కంచె మీంచి. "నీ కోసం కాదు. మేనత్త మాట ఒక ఇంట్లో చెల్లకపోతే రేపు నాదీ చెల్లదు."

ఎవరి కోసమైతేనేం, పాఠం మొదలైంది. చిక్కు ఇంకోచోట వచ్చింది. మేనత్తకి తప్పని చెప్పడానికి లూపేకి నోరు పెగల్లేదు.

"ఈ జవాబు... చాలా అందంగా ఉంది అత్తా."

"సరైనదేనా?"

"రాత గుండ్రంగా ఉంది."

సేయినీ పెన్సిలు కింద పెట్టింది. "చూడు లూపే, ఇది మేనత్త ఆజ్ఞ. తప్పుని తప్పనాలి. అనకపోతే మీ నాన్న పందుల్లో పెద్దదాన్ని తోలుకుపోతా."

ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, "తప్పత్తా! మొదటి వరస నుంచీ తప్పు!" అని అరిచింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ మాట నుంచే గోడలో తలుపు తెరుచుకుంది. లూపే లోలకాన్ని కొబ్బరి చిప్పతో చూపించింది, అలల్ని బట్టలుతికే తొట్టిలో చూపించింది. ఓ సాయంత్రం ఆ సున్నా పని లెక్క దగ్గర సేయినీ ఆగింది. "బరువు మీద పని లేదత్తా, నిజమే. కానీ నీ కండరాలు లోపల క్షణం ఆగకుండా బిగుస్తూ వదులుతూ ఉంటాయి. శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. అది బయటికి కనపడదు, అంతే," అంది లూపే. సేయినీ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. పరీక్షలో వస్తుందని కాదు.

నవంబరులో రాసింది. గోడ తగిలిన ప్రతిచోటా తలుపు వెతికింది, దొరికింది. డిసెంబరులో ఒక శనివారం, ఆదివారపు విందుకి తారో ఆకుల్లో మాంసం పొట్లాలు కడుతుండగా ఫోను మోగింది. లూపే అరుపుకి కంచె అవతల ఆకనేసి కోళ్ళు కూడా లేచాయి. పాసైంది. అంచు మీద కాదు, క్లాసులో ముందువరసలో.

పెరట్లో మోసెసే కొబ్బరి తురుముతున్నాడు. సేయినీ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"పాసయ్యాను. ఫిబ్రవరిలో హైస్కూల్లో చేరుతున్నాను. రేపు భోజనానికి కలోని మాస్టారినీ, లోపేటినీ పిలిచాను."

తురుముతున్న చెయ్యి ఆగింది.

"ఇంటిపెద్దవి. నాలుగు మాటలు నువ్వే మాట్లాడాలి," అంది. "నువ్వు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను."

మర్నాడు చర్చి నుంచి అందరూ వచ్చారు. "భోజనానికొచ్చానమ్మా, పాఠానికి కాదు," అన్నాడు కలోని మాస్టారు, కూర్చుంటూ. లూపేని మాస్టారి పక్కన కూర్చోబెట్టారు. ఆ రోజు సేయినీ వడ్డించలేదు. అందరితోపాటు కూర్చుంది. ప్రార్థన అయ్యాక మోసెసే లేచాడు. నడుముకి చుట్టిన చాపని రెండుసార్లు సర్దుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.

"మాస్టారూ, ఆదివారం పాఠం అడిగింది సేయినీ కాదు. నేను. లోపేటీ, తను మానేసిందని నీకు చెప్పిందీ నేనే. లూపేని కూడా పంపేద్దును, అక్క పట్టుకుంది. ఇంకోటి కూడా ఉంది. నాన్న జబ్బు కోసం నేను సూవా నుంచి రాలేదు. నేను వచ్చాకే ఆయన మంచం పట్టాడు. అక్కా, నీకూ అబద్ధమే చెప్పాను. నేను ఫిజిక్స్ తప్పాను. మళ్ళీ రాశాను, మళ్ళీ తప్పాను. పంపేశారు. అప్పటి నుంచీ అది మనుషులకి సాధ్యమయ్యే చదువు కాదని చెప్పుకుంటూ బతికాను. సాధ్యమేనని నా వంటింట్లోనే తేలిపోతుందని భయమేసింది, అందుకే చేశాను. అది ఆడవాళ్ళకి వచ్చేది కాదని ఈమెతో ఎన్నిసార్లు అన్నానో. రానిది నాకు. ఈమెకి వచ్చింది."