దూలగొండి గింజలు దాచిన బుర్ర

నేను ఒక ఎండు సొరబుర్రని. నవ్వకండి! కూరకి పనికిరానంతగా ముదిరిపోయానని పాదు మీదే వదిలేశారు. అదే నాకు మేలయింది. బుద్రి వాళ్లమ్మ నన్ను ఎండబెట్టి, లోపలి గుజ్జు గీకేసి, పెళ్లినాడు విత్తనాలు పోసి కూతురి చేతికిచ్చింది. అత్తారింట్లో నన్ను పొయ్యి పైన దూలానికి వేలాడదీశారు. పొగకి ఒళ్లు నల్లబడింది గానీ, గింజకి పురుగు పట్టనిచ్చానా? ఆ పొగ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

బుద్రి మొగుడు డొంబ్రుది కొండవాలు చేను. సామలు కోశాక నేల బోసిగా పడుండేది. వానొస్తే మట్టంతా ఎర్రనీళ్లయి కింద పారే గెడ్డలోకి పోయేది. నేలని కప్పే తీగ కావాలని బుద్రి ఓ ఏడు బొబ్బర్లు వేసింది, మరో ఏడు ఉలవలు వేసింది. కోతలయ్యాక మా ఊళ్లో పశువుల్ని కట్టెయ్యరు, కొండ మీదికి వదిలేస్తారు. అవి ఒక్క ఆకు మిగల్చలేదు. చేలో రాళ్లు తేలాయి.

"ఇంకేటి పండుతాది? ఇటికల బట్టీకి ఎల్లిపోదుము" అన్నాడు డొంబ్రు.

"ఇంకొక్క ఏడు సూద్దుము" అని బతిమాలి, బుద్రి నా నిండా దూలగొండి గింజలు పోసింది.

డొంబ్రు నెత్తి పట్టుకున్నాడు. "ఒలె, ఊరంతా గోక్కుని సావాలేటే?"

"పశువు ముట్టనిది అదొక్కటే. దురద నాలుగు దినాలుంటాది, పోతాది. మట్టి పోతే మళ్లీ వస్తాదేటి?"

సామలు మోకాలెత్తు ఎదిగాక సాళ్ల మధ్య గింజలు నాటారు. కోతలయ్యేసరికి తీగ వాలంతా అల్లుకుంది. పశువులు మూతి పెట్టి, తల విదిలించుకుని వెనక్కి పోయాయి. బుద్రి ఎండు కాయలు ఒలిచి గింజలు మళ్లీ నాలో పోస్తుంటే, వాటి నూగు గాలికి లేచి డొంబ్రుకే తగిలింది. ఒంటికి పేడ పూసుకుని, పెళ్లాన్ని తిడుతూ ఇల్లంతా గెంతాడు పాపం. నాకు నవ్వాగలేదు.

తొలకరికి కుండపోతగా కురిసింది. తెల్లారగానే బుద్రి నన్ను చంకనేసుకుని గెడ్డకి పరిగెత్తింది, వెనకాలే డొంబ్రు. మా చేలోంచి గెడ్డలోకి దిగే నీళ్లు తేటగా ఉన్నాయి. డొంబ్రు దోసిట్లోకి తీసుకుని చూసి, కూలబడి ఏడ్చేశాడు. బట్టీ మాట మళ్లీ ఎత్తలేదు.

మళ్లీ దూలగొండి నాటే వేళకి బుద్రి నన్ను చేనుకి తీసుకెళ్లింది. రాలిన గింజలు వాటంతటవే మొలిచున్నాయి! నా మూత తియ్యకుండానే వెనక్కి తెచ్చింది. ఎంత సంబరపడ్డానో అంత దిగులేసింది. ఇక ఆ చేనుకి నాతో పనిలేదు. బుద్రి నాలోని గింజలు పొరుగువాళ్లకి పంచేసి, నన్ను కడిగి అంబలి పోసింది.

ఇప్పుడు డొంబ్రు ముసలాడయ్యాడు. రోజూ నన్ను భుజాన వేసుకుని చేనుకెళ్లి, ఆ తీగల పక్కన కూర్చుని నన్నెత్తి తాగుతాడు. ఒకప్పుడు ఎల్లిపోదామన్న ఆ మనిషే, ఇప్పుడు పొద్దువాలి బుద్రి కేకేసినా ఇంటికి రాడు.