ఉప్పుగాలి పరీక్ష

పొద్దున్నే విజయనగరం కోట దగ్గర కంప్యూటర్ల కొట్టు తెరిచి, బల్ల తుడిచి, కొత్తగా దిగిన సరుకుని పరీక్షించడం హేమ పని. మదర్‌బోర్డు మంచిదో కాదో ఆమె తేల్చాకే యజమాని గిరిబాబు దాన్ని అమ్మకానికి పెడతాడు. ఆ వారం వచ్చిన బోర్డు మాత్రం ఆషామాషీది కాదు. ధర వింటే కళ్ళు తిరుగుతాయి. సముద్రపు గాలి తగిలినా తుప్పు పట్టదని పెట్టె మీద గొప్పగా రాసుకున్నారు. రాసుకోడానికేం, ఎవరైనా రాసుకుంటారు.

"మీ ఊరికి అట్టుకెళ్ళి సూడమ్మా. ఉప్పుగాలికి ఆగుతాదో పోతాదో తేలిపోద్ది," అన్నాడు గిరిబాబు.

"ఒడ్డు దాకా ఏటండీ, ఊళ్ళో మా ఇంట్లోనే ఉన్నాది కదా ఉప్పు," అంది హేమ.

నిజమే మరి. తండ్రి ఎల్లాజీ సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని నాటి నుంచీ తల్లి లక్ష్మణమ్మ కొంగు సముద్రపు నీళ్ళు కారుతూనే ఉంది. చీర మార్చినా అంతే, ఎండలో నిలబడినా అంతే. శవం దొరకలేదని ఆమె దినవారాలు చేయనివ్వలేదు. నీళ్ళలో పోయినవాణ్ణి ఎవరు వదల్లేరో వాళ్ళ కొంగు తడిసే ఉంటుందని సముద్రపొడ్డున వాళ్ళ ఊరు చింతపల్లిలో అందరికీ తెలుసు. పేరంటానికి పిలిచినవాళ్ళు ఆమెకి పీటతో పాటు ఒక బేసిను కూడా వేస్తారు.

తల్లిని తెచ్చి తన దగ్గరే పెట్టుకోవాలని హేమకి ఎంత ఆశో. విజయనగరంలో ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. "మంచినీళ్ళయితే సర్దుకుందుం గానీ, ఉప్పునీళ్ళకి టైల్సు పోతాయమ్మా," అన్నాడు, పాపం మర్యాదగానే. ఆ కొంగు ఒక్కసారి ఆరితే చాలని హేమ మొక్కని దేవుడు లేడు.

ఊళ్ళో తల్లి ఇంటికెళ్ళి చెక్కబల్ల మీద బోర్డు పరిచి, మిగతావన్నీ తగిలించి, దాని చేత చేయించగలిగినంత చాకిరీ చేయించింది. ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మీద అంకెలు నిలకడగానే ఉన్నాయి. పక్కనే చతికిలబడ్డ లక్ష్మణమ్మ కొంగు నుంచి చుక్కలు బోర్డు అంచున పడుతున్నాయి. బోర్డు మాత్రం ఆగలేదు.

లక్ష్మణమ్మ దాని మీద వేడి లాగే లోహపు పలకని అరచేత్తో తాకింది.

"ఎచ్చగున్నాదే పిల్లా. ఒడ్డెక్కినప్పుడు మీ అయ్య ఈపు ఇలగే ఉండీది."

కొంగు తీసి దానికి ఆనించి పట్టుకుంది. కాసేపటికి చుక్కలు నిలిచిపోయాయి. అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది. ఎక్కణ్ణించో తండ్రి చుట్ట వాసన గుప్పుమని వచ్చి, మెల్లగా పల్చబడడం మొదలుపెట్టింది. కొంగు ఆరడమంటే ఆయన వెళ్ళిపోవడమేనని హేమకి అప్పుడు తట్టింది. గబుక్కున స్విచ్చి మీదికి చెయ్యి చాపింది.

లక్ష్మణమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆపకే. ఇన్నాళ్ళూ నీళ్ళలో ఉన్నాడు. ఆడికి సలేయదేటి? ఎచ్చబడి ఎల్లనీ."

"ఆ పొద్దు నాను కాలేజీలో ఉన్నానమ్మా. ఎల్లేటప్పుడు అయ్యని సూడనైనా సూడలేదు."

తల్లి ఆ చెయ్యి వదల్లేదు. పొద్దు వాలేసరికి పరీక్ష అయిపోయింది, చుట్ట వాసనా పోయింది, చీర పెళపెళలాడుతూ ఆరింది. లక్ష్మణమ్మ అప్పుడు ఏడ్చింది, మనసు తీరా ఏడ్చింది. "రేపు పెద్దల్ని పిలిసి దినం సంగతి అడుగుతాను. అదయ్యాక నీతో వచ్చేస్తాను," అంది.

మర్నాడు హేమ బోర్డుని గిరిబాబు చేతికిచ్చింది. "బాగున్నాదండి. ఉప్పుకి ఆగింది. అమ్ముకోవచ్చు."

తరవాతి బోర్డు అందుకోడానికి వంగింది. బల్ల మీద నీటిచుక్క పడింది. ఆ వెనకే ఇంకొకటి. ఆమె చున్నీ అంచు కారుతోంది.

గిరిబాబు చూశాడు. సరుకంతా ఒక్కొక్కటే ఆమెకి దూరంగా జరిపాడు.

"ఈ బల్ల కాడ ఇంక నువ్వు కూకోలేవమ్మా," అన్నాడు బాధగా. "పోనీ, ఓసారి గట్టిగా పిండి సూడు. ఆగుతాదేమో."

హేమ చున్నీ అంచుని గుప్పిట్లోకి తీసుకుంది. పిండడానికి చెయ్యి రాలేదు.