మణికట్టు ఫోటో

కుడి చేతికి పదకొండు, ఎడమ చేతికి పన్నెండు, పెళ్లయి ఇరవై ఆరు రోజులకి ఒక్క గాజే పగిలిందంటే నేనేం అంత మొరటుదాన్ని కాదు అనుకుంటూ లెక్కపెట్టుకుంటున్నానా, మిద్దె మీంచి ఆయన కేక, రమ్యా, రమ్యా, మన గిడ్డమ్మ సెలెక్టయిందే, సెల్‌ఫోనుకి సిగ్నలు ఆ మిద్దె మూలనే అందుతుంది, ఆయన మెట్లు కూడా దిగకుండా దూకేసి వచ్చి నా భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పేశారు, అత్తమ్మ ముందరే, సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకొక్కసారి తిప్పితే బాగుండుననీ అనిపించింది, కొలంబోలో పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటు, ఎనిమిది దేశాలు, అందులో మన జట్టులో మా ఊరు కోసిగి పిల్ల, మా ఆడబిడ్డ గిడ్డమ్మ, బడి వెనక గులకరాళ్ల నేలమీద ఆయనే బంతి నేర్పిన పిల్ల, ఆయన డ్రిల్లు మాస్టారు కాబట్టి ఊరంతా నన్ను డ్రిల్లమ్మ అంటుంది, కడపలో బీఎస్సీ చదివి డ్రిల్లమ్మనయ్యాను, అదీ బాగానే ఉంది, పక్కింటి మౌలా సాహెబ్ చక్కెర పొట్లంతో వచ్చి ఏమప్పా, మీ చెల్లెలు ఇమానం ఎక్కుతాదంటనే, మా నఫీసాను గూడా ఆడించప్పా, ఇంట్లో గిన్నెలన్నీ తంతాండాది అన్నాడు, అందరం నవ్వాం, నఫీసాకి పదమూడేళ్లు, పక్కన నిలబెడితే గిడ్డమ్మంతే ఉంటుంది.

దరఖాస్తు నన్నే నింపమన్నారు, నా చేతిరాత అంటే ఆయనకి ఎంత మురిపెమో, పుట్టిన తేదీ బడి సర్టిఫికెట్‌లో ఒకటి ఏడు తొంభై, తొంభై జనవరికి ముందు పుట్టినవాళ్లు పనికిరారట, మనం ఆరు నెలలు ఇవతలే, హమ్మయ్య, తండ్రి పేరు హనుమంతప్ప అని రాస్తూ ఇంటిపేరు ఎట్లా రాస్తారో చూద్దామని గోడమీది మామగారి ఫోటో వంక తలెత్తాను, దండ కింద మరణం 12-3-1988 అని ఉంది, పెన్ను ఆగిపోయింది, ఎనభై ఎనిమిది, తొంభై, తండ్రి పోయిన రెండేళ్లకి పుట్టిన కూతురు, ఛీ, ఏం ఆలోచన, గుమ్మంలో శనక్కాయలు వలుస్తున్న అత్తమ్మని ఎట్లా అడగను, అడిగేశాను, ఆమెకి కోపం రాలేదు, ఆయప్ప పొయ్యేపొద్దుకు నాకు ఏడో నెలమ్మా, మిరపకాయల పనికని గుంటూరు సుట్టూ తిరిగి వచ్చేపొద్దుకు దీనికి ఏడేండ్లు నిండె, బడికి తోల్కపోతే అయ్యవారు చెయ్యి నెత్తిమీదుగా ఏసి ఆ పక్క చెవి పట్టుకోమనె, అందలా, కడుపునిండా తిన్న ఒళ్లా అది, ఐదేండ్లని రాసుకున్యాడు, చెవి అందనోళ్లకు అందరికీ ఐదే, అందరికీ జులై ఒకటే, మీ కడపలో మాదిరి కేకులు కోసి లెక్కబెట్టుకున్యామా ఈడ, అని నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వు మధ్యలోనే ఎక్కడో ఆగిపోయింది.

పదహారు కాదు, పద్దెనిమిది, కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, మణికట్టు ఎక్స్‌రే ఫిల్ము జతచేయాలి, వయసు ఎక్కువ తేలితే పిల్లని రెండేళ్లు ఏ మైదానంలోకీ రానివ్వరు, సంతకం పెట్టిన కోచ్‌ని ఎప్పటికీ రానివ్వరు, కింద కోచ్ అన్నచోట ఆయన సంతకం అప్పటికే ఉంది, పెరిగే పిల్లల ఎముక చివర సన్నని ఖాళీ ఉంటుందనీ పెరుగుదల ఆగాక మూసుకుపోతుందనీ చదివాను, పరీక్షలో బొమ్మ కూడా గీశాను, మూసుకున్నదాన్ని ఏ అయ్యవారూ తెరవలేడు, గిడ్డమ్మ ఎప్పుడొచ్చిందో నా పక్కన కూర్చుని తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, ఒదినా, ఫోటో తీస్తే నా ఎముకే నా మీద చాడీ చెప్తాదా, పద్దెనిమిదని అమ్మ అంటాది, పదహారని బడి అంటాది, నేను ఆడతాండా అంతే, నాకేం తెలుసు, ఇది తప్పితే ఆదోని సంబంధం ఖాయం చేస్తారు, నీ మాదిరి గాజులేసుకొని కూచుంటాలే, అని నవ్వింది, ఆ నవ్వు నాకు తగిలింది, చేతులు పమిట కిందికి లాక్కున్నాను.

సాయంత్రం ఆయన రాగానే చెప్పేద్దాం, పాపం ఆయనకి తెలియదు, తెలిస్తే కుప్పకూలిపోతారు, మెల్లగా చెప్పాలి అని మాటలు కూర్చుకున్నాను, చెప్పాను, ఫోటో తేదీ, చెవి, ఎముక, అన్నీ, ఆయన ఉలిక్కిపడలేదు, మంచినీళ్లు పూర్తిగా తాగి గ్లాసు దింపారు, అప్పుడు భయమేసింది నాకు, తండ్రికి కొరివి పెట్టినప్పుడు ఈయనకి తొమ్మిదేళ్లు, నిండు కడుపుతో ఏడుస్తున్న తల్లిని చూడలేదా, చూశారు, అన్నీ తెలిసే సంతకం పెట్టారు, తేదీ అట్లే ఉండనీ రమ్యా అన్నారు, రేపు ఆరు గంటల బస్సుకు కర్నూలు పోయి ఎక్స్‌రే తీపిచ్చుకొని రాండి, నాకు బడి ఉండాది, నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఎవురూ ఎదురడగరు, నఫీసాను గూడా తోల్కపో, నఫీసా ఎందుకండీ అన్నాను, ఊరికే, తోడుకు, అని నా చెంప మీద చిన్నగా తట్టారు, ఆ తట్టడం ఎంత ముద్దుగా ఉందంటే జవాబు నా లోపలే చల్లగా విచ్చుకుంది, రేపు ఆ ఎక్స్‌రే పలక మీద పెట్టే చెయ్యి నఫీసాది, ఇది గిడ్డమ్మ అని చెప్పాల్సిన నోరు నాది, పొద్దున్నే ఐదున్నరకే తయారు కాండి అన్నారు, మౌలా సాహెబ్‌కు చెప్పి వచ్చినా, పాపను లేపి పంపుతాడు, దానికి కర్నూల్లో ఐస్‌క్రీం కొనిపెట్టు.