రెండో బ్రేకు

పెళ్ళిరోజు షికారుకు డ్రైవింగ్ స్కూలు కారులో బయల్దేరిన జంట ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, ఆవిడకు మాత్రం ఆ యోగం పట్టింది. కారు నెత్తిన "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి" అన్న పసుపు బోర్డు అలాగే ఉంది. ఈ ఒక్కరోజుకీ విప్పేయమని బతిమాలింది. ఆయన వినలేదు.

"అబద్ధం కాదుగా?" అన్నాడు.

ఊళ్ళో అందరికీ ఆయన మాస్టారు. ఉన్న ఒక్క డ్రైవింగ్ స్కూలూ ఆయనదే. ఆవిడ అదే స్కూల్లో ఆఫీసు బల్ల వెనక ఏళ్ళ తరబడి కూర్చుంటోంది. ఫోన్లు ఎత్తేది ఆవిడ, వేళలు సర్దేది ఆవిడ, పరీక్ష పొద్దున కాళ్ళు వణుకుతూ వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి ధైర్యం చెప్పి పంపేది ఆవిడ. ఆవిడను పంపినవాళ్ళే లేరు. బండి నడపడం బాగానే వచ్చు. సెలవు రోజుల్లో పక్కన కూర్చుని నేర్పింది మాస్టారే. పరీక్షకు పంపమంటే మాత్రం "ఇంకా చెయ్యి కుదరలేదు" అనేవాడు. స్కూలు తరఫున ఆయన పంపితే తప్ప పరీక్షకు రానివ్వరు మరి.

ఆవిడకు కావలసింది లైసెన్సు ఒక్కటే కాదు. నెలకు నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆఫీసు మెట్లెక్కి, గొంతు తగ్గించి, "నేర్పడానికి ఆడవాళ్ళు లేరా?" అని అడిగి, లేరంటే మెట్లు దిగి వెళ్ళిపోయేవారు. ఆ నేర్పేది తానే కావాలని ఆవిడ ఆశ. ఆ పక్క సీటులో తాను కూర్చోవాలి. ముందు పరీక్ష, తరవాత ఆ సీటు. ఇంతకంటే ఆవిడ ఎవర్నీ ఏదీ అడగలేదు.

ఇరవయ్యో పెళ్ళిరోజుకు మాస్టారి మనసు కరిగింది. కరిగిందనే ఆవిడ అనుకుంది.

"సముద్రం పక్క రోడ్డు మీద అక్కావాళ్ళింటికీ, మళ్ళీ మనింటికీ నువ్వే నడుపు. నా కాలికి పని చెప్పకుండా తీసుకెళ్ళి తీసుకొచ్చావా, సోమవారం పరీక్షకు పంపిస్తా. ఇదే నా కానుక" అన్నాడు.

ఆయన కాలికి పనంటే రెండో బ్రేకు. శిష్యులు తడబడితే తొక్కడానికి మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆయన కుడికాలు ఎప్పుడూ దానిమీదే. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా ఆ కాలు నేలను తొక్కుతూనే ఉంటుంది.

పొద్దున రోడ్డు ఖాళీగా ఉంది. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో మెలికలు తిరిగే దారి. మొదటి మలుపు దగ్గర ఆవిడ మెత్తగా బ్రేకు తొక్కింది. కారు బుద్ధిగా నెమ్మదించింది.

"అదిగో, కాపాడాను" అన్నాడు మాస్టారు.

"నేనే తొక్కానండీ."

"నీ మొహం. నా కాలు పడబట్టి ఆగింది."

రెండో మలుపు దగ్గర ఇంకాస్త ముందే తొక్కింది. "కాపాడాను" అన్నాడు. గొర్రెలు అడ్డం వచ్చిన చోట కాపాడాడు. వంతెన మీద కాపాడాడు. ఎదురుగా ఎవరూ లేని చోట కూడా కాపాడి, కిటికీ అద్దం దించి, హాయిగా సముద్రపు గాలి పీల్చాడు. సగం దారి వచ్చేసరికి ఆవిడకు తన కాలి మీద తనకే నమ్మకం పోయింది. తొక్కుతున్నది తానా, ఆయనా? ఇద్దరూ ఒకేసారి తొక్కితే ఆగేది ఎవరివల్ల? అడిగితే ఆయన నవ్వుతాడు. అందుకని అడగలేదు. చేతులు చెమటలు పట్టి స్టీరింగు జారుతుంటే చీరకు తుడుచుకుని నడిపింది.

మాస్టారి అక్కగారిల్లు సముద్రానికి ఎదురుగానే. ఆ వదినగారూ, వాళ్ళాయనా గుమ్మంలోనే కావలించుకుని లోపలికి తీసుకెళ్ళారు. భోజనాల బల్ల మీద కేకు, పువ్వులు, కొత్త ప్లేట్లు. ఎంత మర్యాదగా జరిగిందంటే, మాస్టారు చేతులు కడుక్కుని వచ్చేవరకూ ఆవిడకు సంతోషంగానే ఉంది.

"ఏరా, ఎలా నడిపింది?" అని అడిగాడు బావగారు. ఆ అడగడమే తప్పయింది.

"చెప్తే ఏం బావుంటుంది బావా, చూపిస్తా" అని మాస్టారు రెండు కుర్చీలు పక్కపక్కన వేశాడు. ఒక దాంట్లో భార్యను కూర్చోబెట్టాడు. చేతికి ఖాళీ ప్లేటిచ్చాడు. "ఇదే నీ స్టీరింగు. ఊఁ, పోనీ."

"వద్దండీ, బావుండదు."

"సరదాకేనే. మనవాళ్ళేగా."

ఆవిడ ప్లేటు పట్టుకుని కూర్చుంది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు పెద్దవి చేసి, "అమ్మో గొర్రె!" అంటూ నేల మీద ఒక్క తొక్కు తొక్కాడు. "అమ్మో వంతెన!" అని ఇంకో తొక్కు. "అమ్మో గాలి!" అని ఇంకొకటి. బావగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బతికి బట్టకట్టావురా!" అన్నాడు. వదినగారు కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వూ నవ్వు పిల్లా, నీ ముచ్చటేగా" అంది. ఆవిడ నవ్వింది. చేతిలో ప్లేటు అలాగే ఉంది. ఎవరూ తీసుకోలేదు, కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు.

"పాపం, సోమవారం పరీక్ష అనుకుంటోంది" అన్నాడు మాస్టారు కేకు కోస్తూ. "ఈ లెక్కన వచ్చే పెళ్ళిరోజుకు చూద్దాం. అదీ నా కాలు బాగుంటే."

ఆ మాటకు ఇంకోసారి నవ్వులు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ప్లేట్లు కడుగుతానన్న వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుళాయి తిప్పబోతుంటే సంచిలో స్కూలు ఫోను మోగింది. పెళ్ళిరోజైనా ఆ ఫోను ఆవిడ వెంటే ఉండాలి. చేసింది స్కూలు కారు బాగుచేసే మెకానిక్కు.

"అక్కా, మాస్టారు ఫోను ఎత్తట్లేదు. కొంచెం చెప్పు. ఆయన వైపు బ్రేకుంది చూడు, దాని కేబులు తెగేలా ఉంటే నిన్న విప్పేశాను. కొత్తది రేపొస్తుంది. అది బిగించేదాకా శిష్యుల్ని ఎక్కించొద్దను."

"విప్పేశావా? పెడలుందిగా?"

"పెడలు ఉత్తదే అక్కా. స్ప్రింగు ఉంచాను కాబట్టి కాలికి మామూలుగానే తగులుద్ది. కింద ఏమీ లేదు. ఎంత తొక్కినా బండి ఆగదు. నిన్న చెప్పబోతే, నా బండి గురించి నాకే చెప్తావా అని ఒంటికాలి మీద లేచారు. తాళం లాక్కుని వెళ్ళిపోయారు. నడిపేవాళ్ళ బ్రేకు మాత్రం బాగుంది, దానికేం ఢోకా లేదు."

ఆవిడ ఫోను పెట్టేసింది. ముందు పట్టరాని సంతోషం వచ్చింది. గొర్రెల దగ్గర ఆపింది తానే. వంతెన మీద తానే. ప్రతి మలుపులోనూ తానే, తానొక్కతే. వెంటనే చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్ళింది. ముందుగదిలో మాస్టారు గొర్రెల ఘట్టాన్ని అప్పుడే వచ్చిన పక్కింటివాళ్ళ కోసం మళ్ళీ మొదటినుంచీ ఆడుతున్నాడు. తాను చెప్తే ఏం జరుగుతుందో ఆవిడకు తెలుసు. "ఆ మెకానిక్కు వెధవకేం తెలుసు" అంటాడు. అందరూ ఇంకోసారి నవ్వుతారు. ఇరవయ్యేళ్ళుగా మింగిన కోపమంతా అక్కడ, ఆ గుమ్మంలో, ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. చెప్పి లాభం లేదు, చూపించాలి అనుకుంది. చూపించడం ఎలాగో ఇందాకే ఆయనే నేర్పాడు.

తిరుగు ప్రయాణానికి కూడా స్టీరింగు ఆవిడకే ఇచ్చాడు. "తిన్నది ఎక్కువైంది, నాకు నిద్రొస్తోంది. పర్లేదు, నా కాలు మెలకువగానే ఉంటుంది" అన్నాడు. బావగారు గేటు దగ్గర మళ్ళీ నవ్వాడు.

ఆ దారిలో ఒక పెద్ద దిగుడుంది. పొద్దున ఎక్కి వచ్చిందే. ఇప్పుడు కొండమీదనుంచి తిన్నగా సముద్రం దాకా జారుతుంది. చివర అడ్డంగా నడుమెత్తు రాతిగోడ, గోడ పక్కనుంచి రోడ్డు మలుపు. దిగుడు మొదట్లో ఆవిడ బ్రేకు మీదనుంచి కాలు తీసేసింది. కారు తనంతట తానే పరుగందుకుంది.

మాస్టారు కళ్ళు తెరిచాడు. అలవాటుగా తొక్కాడు. "కాపాడా..." అనబోయి ఆగాడు. కారు ఆగలేదు. ఇంకోసారి తొక్కాడు.

"బ్రేకు వెయ్యి."

"మీ కాలికింద ఉందిగా. తొక్కండి."

"తొక్కుతున్నానే!"

"మరి ఆగదేం?"

ఆయన రెండు కాళ్ళూ కలిపి తొక్కాడు. సీటులోంచి లేచి నిలబడినంత పనిచేసి తొక్కాడు. గోడ పెద్దదవుతోంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆపవే, నీకు దణ్ణం పెడతా, ఆపు" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ మనసులో అనుకుని పైకి అనలేని మాట అది. ఆయన నోటినుంచి వింటే తీపిగా ఉంది. ఆ తీపికి ఇంకొక్క క్షణం ఆగింది. ఆ తరవాత బ్రేకు తొక్కింది. టైర్లు కీచుమన్నాయి. గోడకు మూరెడు దూరంలో కారు నిలబడింది.

"మీ బ్రేకు నిన్ననే విప్పేశాడట మెకానిక్కు" అంది ఆవిడ. "పొద్దుట్నుంచీ కారు ఆగిందంతా నా కాలితోనే. మీరు తొక్కింది ఉత్త పెడలు."

మాస్టారు తలుపు తీసుకుని దిగి, గోడ పట్టుకుని, తిన్నదంతా కక్కుకున్నాడు. సీసాలో నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. నెమ్మదిగా నడుచుకుంటూ ఆవిడ వైపు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహానికి మళ్ళీ రంగు వచ్చింది. మాస్టారి రంగు.

"బ్రేకు వెయ్యాల్సిన చోట వెయ్యనివాళ్ళను మన స్కూల్లో ఏం చేస్తాం?"

ఆ సంగతి ఆఫీసు బల్ల వెనకనుంచి వందలమందికి చెప్పింది ఆవిడే.

"చెప్పు. నువ్వేగా రోజూ చెప్పేది."

"ఫెయిల్ చేస్తాం."

"కావాలని వెయ్యకపోతే?"

"జన్మలో పంపం."

"అదీ" అన్నాడు మాస్టారు. "సోమవారమూ లేదు, ఏ వారమూ లేదు. దిగు."

గెలిచిన పందేన్ని తన కాలితో తానే తన్నేసుకుంది. ఇంటిదాకా బుద్ధిగా నడిపి, మెకానిక్కును ఎదురుగా నిలబెట్టి చెప్పిస్తే సరిపోయేది. ఆ ఒక్క క్షణపు తీపి కోసం అంతా పోయింది. ఏడుపు ముంచుకొచ్చింది గానీ ఆయన ముందు ఏడవదలచుకోలేదు. దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి వైపు కూర్చుంది. ఎన్నాళ్ళుగానో కోరుకున్న సీటు. కాలికింద ఉత్త పెడలు.

మాస్టారు కారును విల్లులోంచి బాణంలా తీశాడు. మొదటి మలుపులో అసలు నెమ్మదించలేదు. కారు అంచుదాకా ఒరిగింది, కింద రాళ్ళు కనిపించాయి. ఆవిడ కాలు తనంతట తానే పెడలు మీద పడింది. స్ప్రింగు కిందికి వెళ్ళి పైకి వచ్చింది. అంతే.

"తొక్కు, తొక్కు" అన్నాడు మాస్టారు నవ్వుతూ. "నీ కాలికింద ఉందిగా."

రెండో మలుపులో ఇంకా జోరు పెంచాడు. ఆవిడ మళ్ళీ తొక్కింది. తొక్కకూడదనుకుంటూనే తొక్కింది. ఆయన రోడ్డు వైపు కాక ఆవిడ కాలి వైపు చూసి పకపకా నవ్వాడు. ఆవిడ అరవాలి, బతిమాలాలి, దణ్ణం పెట్టాలి. ఆయనకు రావలసిన బాకీ అది. అది వసూలయ్యేదాకా ఇలాగే నడుపుతాడని ఆవిడకు అర్థమైంది.

అప్పుడు చెప్పులు విడిచింది. రెండు కాళ్ళూ పైకి తీసుకుని సీటులో మఠం వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది.

"ఏయ్, కాళ్ళు దించు."

దించలేదు. మూడో మలుపు వస్తోంది. ఆయన వేగం తగ్గించలేదు, అరుపు కోసం ఎదురుచూస్తున్నాడు. అరుపు రాలేదు. ఆవిడ కనీసం ముందుకు కూడా చూడటం లేదు. మలుపు అవతలనుంచి లారీ హారన్ వినిపించింది. మాస్టారి మెడమీద నరం ఉబ్బింది. ఆఖరికి తిట్టుకుంటూ ఆయనే బ్రేకు తొక్కాడు. లారీ వాళ్ళను రాసుకుంటున్నట్టే వెళ్ళిపోయింది.

"కాపాడాను" అంది ఆవిడ, సముద్రం మీదనుంచి చూపు తిప్పకుండానే.

ఆ తరవాత ఇంటిదాకా మాస్టారు ప్రతి మలుపులోనూ నెమ్మదిగా బ్రేకు తొక్కాడు. ఆయన తొక్కిన ప్రతిసారీ ఆవిడ అదే మాట అంది.