మట్టిరంగు పట్టీ

ఊళ్లోని బడులన్నిటికీ జెండాలు కుట్టే ఆర్డరు తమ కుట్టుకేంద్రానికే వచ్చిందని వినగానే ఆమె మిషను ముందు నుంచి లేచి చప్పట్లు కొట్టింది. పెళ్లయి ఇంకా నెల కాలేదు. భర్తకూ అక్కడే పని. అతడు బట్ట కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది. "మనిద్దరి జెండా మన వీధి బడి మీద ఎగురుతుంది, చూస్తూ ఉండు!" అని అతని చెవిలో చెప్పింది.

మూడో రోజుకు ఆ సంబరం ఆవిరైంది. వాళ్ల దేశపు జెండాలో పైన ఆకుపచ్చ, నడుమ తెలుపు, కింద మట్టిరంగు. మూడు పట్టీలూ సమానంగా ఉండాలి. అనుమానమొచ్చి టేపు పెట్టి చూస్తే మట్టిరంగు అంగుళం తక్కువ.

"నువ్వే కత్తిరించావా?"

అతడు తల ఎత్తలేదు. "ఆ రంగు బట్ట తాను చాల్లేదు. ఓనరుగారు సరిపెట్టమన్నారు. కాదంటే ఉద్యోగం ఉంటుందా?"

యజమాని అక్కడే ఉన్నాడు. "ఏమ్మా, పైకెగిరాక టేపు పట్టుకుని స్తంభం ఎక్కేదెవరు? కుట్టు, కుట్టు."

నలభై ఏళ్లుగా అక్కడ కుడుతున్న పెద్ద టైలరు మిషను ఆపి యజమాని వైపు చూశాడు.

"బాబూ, మొదటి జెండాలో ఆ పట్టీయే లేదు. పచ్చ పొలాలకన్నారు, తెలుపు శాంతికన్నారు. ఇటుకలు మోసేవాళ్లు, రేవులో మూటలెత్తేవాళ్లు 'మరి మేమెక్కడ?' అని అడిగారు. ఏడేళ్లు కొట్లాడితే కింద ఇంత చోటిచ్చారు. ఆ ఊరేగింపులో మా నాన్న నడిచాడు."

"పాఠాలు తర్వాత చెబుదువుగాని."

పాఠకులారా, తెలుపు చాలకపోతే ఆ యజమాని మరో తాను తెప్పించేవాడు. ఎవరి చెమటకు గుర్తుగా ఆ మట్టిరంగు వచ్చిందో వారి చేతనే దాన్ని కోయించడానికి మాత్రం అతనికి క్షణం పట్టలేదు. మనలో ఎందరం ఇలాగే సరిపెట్టడం లేదు?

అప్పటికే మూడు వందల జెండాలు కట్టలు కట్టి ఉన్నాయి. ఆమె కళ్లనీళ్ల పర్యంతమై భర్తను నిలదీసింది. "మాట్లాడవేం? ఉద్యోగం పోతే ఇద్దరం కలిసే వెతుక్కుందాం. కనీసం రోజంతా పక్కపక్కనే తిరగొచ్చు!"

అతడికి నవ్వాగలేదు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. పెద్ద టైలరు వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.

ఆమె యజమాని వైపు తిరిగింది. "మట్టిరంగు తాను తెప్పించండి సార్. రేపు పొద్దున్నే వచ్చి మూడు వందలూ మేమే విప్పి మళ్లీ కుడతాం. కష్టం చేసేవాళ్ల వాటా కోసేసిన జెండాకి వందనం చెయ్యమని పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెబుతాం?"