రెండేళ్ల మధ్య పెంచలమ్మ

కడపవాడు కడలి పక్కన ఏళ్ల తరబడి కారు నడిపితే దారి చెప్పడం ఒక జబ్బయిపోతుంది. మస్కట్ శివారు సీబ్‌లో డ్రైవరు ఖాదర్‌వలి ఎవరికి దారి చెప్పినా రెండే గుర్తులు: ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. మస్కట్ పొడుగునా అంతే. ఆ రెంటి మధ్య నిలబడ్డవాడు తప్పిపోడు. ఆ ధీమాతోనే ఆ మధ్యాహ్నం అతను ఫ్రాన్సులోని లియోన్‌లో కూడా దారి చెప్పబోయాడు. పేరులోనే సింహమున్న ఊరు; దాని నోట్లో తల పెట్టింది మాత్రం పెంచలమ్మ.

పెంచలమ్మది రాజంపేట వైపు. రెండేళ్ల వీసా మీద వచ్చి, ఖాదర్‌వలి మాట మీదే అతను కారు నడిపే మేడమ్ ఇంట్లో పిల్లను చూసుకునే పనికి కుదిరింది. సెలవులకు మేడమ్ లియోన్ వెళ్తూ నాలుగేళ్ల హఫ్సాతో పాటు ఆమెనూ వెంటబెట్టుకుపోయింది. అక్కడ కొండమీది తెల్లటి చర్చి చూసి, తాడుతో కిందికి దించే రైలు దగ్గరికొచ్చారు. పాపతో పెంచలమ్మ ఎక్కింది. మేడమ్ ఎక్కేలోపు తలుపులు మూసుకున్నాయి. తాడు తెగలేదు గానీ తోడు తెగింది. కింద జనం ఎటు తోస్తే అటు నడిచి, భూమి కింద పోయే మెట్రో ఎక్కేసి, తర్వాతి స్టేషన్లో దిగి పైకొచ్చింది. చుట్టూ ఎర్రమట్టి మైదానం, మధ్యలో గుర్రమెక్కిన రాజు విగ్రహం. మేడమ్ ఇచ్చిన బటన్ల ఫోన్‌లో ఉన్నవి రెండే నంబర్లు. మేడమ్‌కి చెయ్యలేదు. ఖాదర్‌వలికి చేసింది.

“అన్నా, మేడమ్ ఫోన్ చేస్తానే ఉండాది. నేను ఎత్తలా. ఎత్తి ఏం జెప్పేది? పాపను పోగొట్టినానని ఇండియాకు తోలేస్తారు.”

“పాప యాడుంది?”

“నా సంకలోనే.”

“అయితే పోయింది పాప గాదు, నువ్వు. గమ్మునుండు, నేను జెప్తా.”

అన్నాడే గానీ ఆ ఊరు తనెన్నడూ చూడలేదు. చేపల మార్కెట్ పక్కన కారాపి ఏసీ పెంచాడు. చెమట మాత్రం ఆగలేదు. మేడమ్ వాట్సాప్ స్టేటస్‌లో హోటల్ ఫొటోలు చూశాడు. ముందు నది, వెనక కొండ, కొండ కింద పాతకాలపు ఇళ్లు, ఆ ఇళ్ల కడుపులోంచే ఒక వీధి నుంచి ఇంకో వీధికి చీకటి దారులు. సరే, నీళ్ల దగ్గరికి పోయి వంతెన దాటమన్నాడు.

“దాటినా. హోటల్ లేదన్నా. కొండ చూస్తే చిన్నదైపాయనే.”

నీళ్లు దాటితే కొండ దగ్గర పడాలి. సీబ్ సముద్రం ఏనాడూ ఇలా మోసం చెయ్యలేదు. ముందుకు పొమ్మనాలా, వెనక్కి రమ్మనాలా? పాస్‌పోర్టు మేడమ్ బ్యాగులో ఉంది. పరాయి పిల్లను చంకనేసుకుని ఏడుస్తూ తిరిగే మనిషిని చూస్తే పోలీసులు ఏమనుకుంటారు? పిల్లను ఎత్తుకుపోతోందనుకోరూ?

అప్పుడే అతని ఫోన్ మీద మేడమ్ పేరు వెలిగింది. ఖాదర్‌వలి కూడా ఎత్తలేదు. మోగి ఆగింది. మళ్లీ మోగింది. తానూ పెంచలమ్మ చేసిన పనే చేస్తున్నానని అప్పటికి తట్టింది.

“ఆ వంతెన మీదికే వచ్చి నిలబడు. మేడమ్‌కు జెప్తాండా.”

“వద్దన్నా. నీ కాళ్లు మొక్కుతా.”

“నా కాళ్లు ఈడుండాయి, నువ్వు ఆడుండావు. కదలమాక.”

ఫోన్ చేస్తే మేడమ్ తిట్టలేదు. ఏడుస్తోంది. వంతెన మాట వినగానే ఏ నది అని అడిగింది. నదంటే నదే కదా అన్నాడు. ఆ ఊళ్లో రెండున్నాయట, రోన్, సోన్. రోన్‌కీ సోన్‌కీ తేడా తెలియనివాడు ఫోన్ పట్టుకుని, రెండేళ్ల వీసా మనిషిని రెండు ఏళ్ల పాలు చేశాడు. మెట్రో ఆమెను హోటల్ ముందున్న సోన్ కిందుగా అవతలికి తెస్తే, ఇతను వెనక్కి పంపకుండా రోన్ కూడా దాటించాడు.

మేడమ్ పరుగెత్తుతూనే ఫోన్ పెట్టేసింది. పెంచలమ్మకు చేస్తే స్విచాఫ్. ఖాదర్‌వలి తనకొచ్చిన దువాలన్నీ చదివాడు. రానివి కూడా చదివాడు.

చివరికి మేడమ్ ఫోన్ నుంచి పెంచలమ్మ గొంతు వినిపించింది.

“అన్నా, మేడమ్ నన్నేమీ అనలా. ఒక చేత్తో పాపను, ఒక చేత్తో నన్ను పట్టుకునింది. ఇంగా ఇడ్సిపెట్టలా.”

తర్వాత మేడమ్ ఫోన్ తీసుకుని, ఈ సంగతి నీకెప్పటి నుంచి తెలుసని హిందీలో అడిగింది. మొదటి నుంచీ తెలుసని ఖాదర్‌వలి నిజం చెప్పాడు.

“నేను ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. నేనంటే మీకంత భయమా?”

మాటకు మాట అంటించే ఖాదర్‌వలికి భయమేనని చెప్పడానికి కూడా భయమేసింది.